యంత్రము లేని వేగము

2021వ సంవత్సరము జనవరి మాసమున, కాలిఫోర్నియాలో పార్కర్ పర్వతమను కొండ శిఖరముపై నిలిచి స్పెన్సర్ లిసెన్బీ అను నతడు ఒక నమూనా గ్లైడరును గంటకు 548 మైళ్ల వేగముతో నడిపించెను. కిలోమీటర్లలో చెప్పవలెనన్న 882. వందలకొలది ప్రయాణికులను మోసికొనిపోవు జెట్ విమానములు ఆకాశమున సాగు వేగము దాదాపు ఇదియే. కాని ఈ గ్లైడరునకు ఇంజను లేదు. గాలిని కోయు పంకా లేదు. లోపల నున్న చిన్న బ్యాటరీ రేడియో గ్రాహకమునకును, రెక్కల అంచులను కదల్చు బుల్లి మోటారులకును పనికివచ్చునే గాని, విమానమును ముందుకు నెట్టుటకు కాదు. మరి ఆ వేగము ఎక్కడిది? గాలి యిచ్చినదే యన్నచో వెంటనే నమ్మబుద్ధి కాదు. ఆనాడు కొండపై గాలి ఎంత ఉద్ధృతముగా వీచినను, దాని వేగము ఇందులో ఒక చిన్న భాగము మాత్రమే.

గ్లైడరనగా నిరంతరము క్రిందికి పడుచుండు విమానమని మొదట గ్రహింపవలెను. అది పడుట మెల్లగా పడును, దూరముగా పడును. చక్కగా చేసిన నమూనా ఒక మీటరు క్రిందికి దిగులోపల ఇరువది మీటర్లు ముందుకు సాగగలదు. అయినను దిగక తప్పదు. అది పైన నిలువవలెనన్న, తాను దిగు వేగముకన్న ఎక్కువ వేగముతో పైకి లేచు గాలి దానికి దొరకవలెను. మన యూళ్లలో మిట్టమధ్యాహ్నము గద్దలు రెక్క విదల్పకయే చుట్లు తిరుగుచు పైపైకి పోవుట చూడనివారుండరు. ఎండకు దుక్కి దున్నిన చేను త్వరగా కాగును, నీరు నిలిచిన వరిమడి కాగదు; కాగిన నేలమీది గాలి తేలికయై లేచును. గద్ద ఆ గాలిని పట్టుకొనును. గ్లైడరు నడుపువాడు గద్దను పట్టుకొనును. గద్ద తిరుగుచున్న చోటికి తన నమూనాను తోలుకొనిపోవుట ఈ విద్యలో మొదటి పాఠము. రెండవది కొండవాలు. గాలి కొండకు తగిలి పైకి ఎగయును గనుక, ఆ యెదురు వాలుమీద గంటలకొలది తిరుగవచ్చును.

ఈ రెంటను గాలి పైకి లేచుటయే కీలకము. కాని గాలి పైకి లేవని చోట పక్షి ఎట్లు తేలును? ఈ ప్రశ్నను 1883లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ ‘నేచర్’ పత్రికలో విచారించెను. తరువాతి కాలమున ఆర్గాన్ వాయువును కనుగొనుటలో పాలుపంచుకొని, 1904లో నోబెల్ బహుమానము పొందిన రేలీ ఇతడే. రెక్కలాడింపని పక్షి ఎత్తు కోల్పోక సాగవలెనన్న, గాలి అడ్డముగా గాక ఏటవాలుగానైన వీచుచుండవలెను, లేదా అన్ని చోట్ల ఒకే వేగముతో వీచకయైన ఉండవలెనని అతని వాదము. ఒక పొరలో గాలి నెమ్మదిగాను, దానిపై పొరలో వేగముగాను ఉన్నచో ఆ తేడాయే పక్షికి ఆహారమగును. దక్షిణ సముద్రములపై ఆల్బట్రాస్ పక్షి అలల చాటునకు దిగుచు, మరల గాలిలోనికి లేచుచు, వేల మైళ్లు పోవుట ఇట్లే. రేలీ మాట పుస్తకములలో నూరేండ్లకు పైగా భద్రముగా నుండెను. దానిని చేతితో చేసి చూచుటకు తగిన సాధనము అప్పటికి లేదు.

ఆ సాధనము వచ్చిన దారి వేరు. 1898లో నికొలా టెస్లా న్యూయార్కున ఒక చిన్న పడవను తీగలు లేకయే నడిపి చూపెను. 1937లో మిషిగన్ రాష్ట్రమందలి కలమజూలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అను కవల సోదరులు, ఒకడు విమానము కట్టి, ఒకడు రేడియో కూర్చి, ‘గఫ్’ అను నమూనాను ఆకాశమున నడిపిరి. అది ఇంజను గల నమూనాయే. కాని నేలనుండి నడిపించు విద్యకు అదియే మూలపురుషుడు. ఆ తరువాత చాలకాలము వాడుకలో నున్న సరళమైన యంత్రాంగమును వర్ణించిన నేటి విద్యార్థులకు నవ్వు వచ్చును. మెలివేసిన రబ్బరు పట్టీ ఒకటి చుక్కానిని త్రిప్పుటకు సిద్ధముగా నుండును. మీట నొక్కిన కుడికి, మరల నొక్కిన ఎడమకు. కడపట నొక్కినది ఏదో మరచినవాని విమానము పొరుగూరి చెట్టుమీద దొరకును! చేతి కదలికకు తగినంతే చుక్కాని కదలు పద్ధతి 1960ల నాటికి గాని వ్యాప్తికి రాలేదు.

అప్పటి గ్లైడరుల ఒడలు బాల్సా కఱ్ఱ. దక్షిణ అమెరికాలో పెరుగు ఈ చెట్టు కఱ్ఱ బెండువలె తేలిక, అయినను బిగువు గలది. పలుచని పక్కటెముకలు కోసి, నిడుపాటి దూలమునకు గ్రుచ్చి, పైన పలుచని కాగితము కప్పి, లక్కవంటి ద్రవము పూయుదురు; ఆరిన కొలది కాగితము డోలు చర్మమువలె బిగియును. ఇన్ని రాత్రుల పని ఒక్క తప్పుటడుగున పొడియగుటకు అర నిమిషము చాలును. అయినను దుకాణములో అచ్చుపోసిన నురుగు విమానము కొని యెగురవేయువానికన్న, పక్కటెముకలు తాను కోసికొన్నవాడు గాలిని గూర్చి ఎక్కువ నేర్చుననుట నిశ్చయము. విఱిగిన చోట ఎందుకు విఱిగినదో వానికి తెలియును.

1990ల మధ్యకాలమున జో వర్ట్స్ అను గ్లైడరు చోదకుడు కొండ యెదురు వాలును విడిచి, వెనుక వాలున ప్రయోగము చేసెను. గాలి శిఖరము దాటిపోవుచుండగా దాని చాటున, కొండ వెనుక, దాదాపు నిశ్చలమైన గాలి నిలిచియుండును. అటుపోయిన నమూనా కూలునని అందరును దూరముగా నుంచుచుండిరి. వర్ట్స్ ఆ నిశ్చలమైన గాలిలోనికి గ్లైడరును దింపి, త్రిప్పి, పైనున్న వేగపు గాలిలోనికి మరల లేపెను. రేలీ చెప్పిన రెండు పొరలు ఆ శిఖరమువద్ద ఒకదానిపై నొకటి సిద్ధముగా నుండెను.

లెక్క సులభము. పైగాలి గంటకు 40 కిలోమీటర్లతో వీచుచున్నదనుకొందము. క్రింది నిశ్చలమైన గాలిలో గ్లైడరు 100 కిలోమీటర్ల వేగముతో నున్నది. అది పైకి లేచి ఎదురుగాలిలో ప్రవేశించిన క్షణమున, దాని రెక్కకు తగులు గాలి వేగము 140 అగును. అక్కడ వెనుదిరిగి గాలివాటున సాగినచో నేలమీది లెక్కకు దాని వేగము 180. ఆ వేగముతోనే క్రిందికి దూకి నిశ్చలమైన గాలిలో పడినచో, అక్కడ గాలికిని నేలకును తేడా లేదు గనుక, 180 వేగము దాని సొంతమగును. ఒక్క చుట్టులో 80 కిలోమీటర్ల లాభము! రాపిడికి కొంత పోవును. వేగము హెచ్చిన కొలది రాపిడియు హెచ్చును. లాభనష్టములు సరితూగినచోట పెరుగుదల ఆగును. గాలి వేగమునకు సుమారు పదిరెట్ల వరకు పోవచ్చునని లెక్క కట్టినవారున్నారు.

ఇక బలము మాట. గంటకు 882 కిలోమీటర్లనగా సెకనుకు 245 మీటర్లు. అరువది మీటర్ల వ్యాసార్ధముతో మలుపు తిరిగినదనుకొన్నచో, వేగముయొక్క వర్గమును వ్యాసార్ధముచే భాగించిన సెకనుకు సెకనుకు వేయి మీటర్ల త్వరణము వచ్చును. అది భూమ్యాకర్షణకు నూరు రెట్లు. పది కిలోల గ్లైడరు ఆ మలుపులో ఒక టన్ను బరువు తూగును. బాల్సాయును కాగితమును ఇక్కడ చెల్లవు. మూసలలో పోసిన కార్బను నార రెక్కలు కావలెను.

చుట్టు ఒక్కొక్కటి రెండు మూడు సెకన్లలో ముగియును. ప్రక్కన నొకడు రాడారు తుపాకి పట్టుకొని అంకెలు చదువుచుండును. నడుపువాని ముందు ప్రశ్న యొక్కటే: ఇంకొక చుట్టా, చాలునా? రెక్క ఎంత భారమునకు విఱుగునో విఱిగినగాని తెలియదు. ఒక్కొక్కసారి గాలిలో పెద్ద చప్పుడు వినవచ్చును, తరువాత నల్లని తునుకలు వాలుమీద రాలును. మాసములకొలది శ్రమ అంతటితో సరి. అందువలన గ్లైడరు తిరుగు వాలుమీదికి ఎవ్వరిని పోనీయరు. ఆ వేగమున వచ్చు పది కిలోల వస్తువు ఆటవస్తువు కాదు.

కంటికి గల చిక్కు మాత్రము వేగమున్నను లేకున్నను ఒకటే. నమూనా దూరముగా పోవునపుడు దాని కుడి మన కుడి. మనవైపు వచ్చునపుడు దాని కుడి మన యెడమ. క్రొత్తవారు ఎక్కువగా కూల్చునది ఇక్కడనే. అనుభవజ్ఞులొక కిటుకు చెప్పుదురు: ఎదురుగా వచ్చు నమూనా ఒక రెక్క వాల్చినచో, ఆ వాలిన రెక్క మనకు ఏ వైపున కనబడునో ఆ వైపునకే మీటను త్రోయవలెను. అది సరియైన నిలుకడకు వచ్చును.

మన దేశమున ఎన్.సి.సి. వాయుదళ శాఖ విద్యార్థులకు నమూనా విమానముల నిర్మాణము పాఠ్యాంశముగనే యున్నది. 2021 నాటి డ్రోను నిబంధనలు విద్యావినోదములకై కంటిచూపుమేర నెగురవేయు నమూనాలను ప్రత్యేకముగా పేర్కొన్నవి. విమానాశ్రయముల దాపున ఎగురవేయరాదు. పాఠశాలలో ఆరంభించుటకు రేడియో కూడ అక్కరలేదు. పలుచని థర్మకోలు రెక్క, వెదురు పుల్ల, చిన్న తోక చాలును. రెక్క వెడల్పులో ముందంచునుండి నాల్గవ వంతునకును మూడవ వంతునకును నడుమ వ్రేలుపెట్టి పట్టినప్పుడు సమముగా నిలుచునట్లు ముక్కునకు మట్టిముద్ద అంటించి, గాలి లేని ఉదయమున సమముగా విసరవలెను. ముక్కెత్తి, ఆగి, పడినచో మట్టి కొంచెము చేర్పవలెను. తిన్నగా నేలకు గ్రుచ్చుకొన్నచో గోరంత తీయవలెను. పది పన్నెండు మారులు విసరునప్పటికి అది మైదానమును దాటి పోవును.