బస... గేటుకు ఇవతలా? అవతలా?

శ్రీశైలం ప్రయాణంలో దర్శనం టికెట్ కన్నా ముందు తేల్చుకోవాల్సింది రాత్రి బస సంగతి. మార్కాపురం, దోర్నాల దారిన వెళ్లేవారికి ఆ లెక్క కట్టేది నల్లమల అడవే.

తెల్లవారుజామున ఐదున్నర. పెద్దదోర్నాల అటవీ చెక్‌పోస్టు ముందు కార్లు, తుఫాన్ బండ్లు బారులు తీరి ఉంటాయి. డ్రైవర్లు సీటు వెనక్కి వాల్చి కునుకు తీస్తుంటారు. పిల్లలు తల్లుల ఒళ్లో అడ్డంగా పడి నిద్రపోతుంటారు. పెద్దవాళ్లు దుప్పట్లు కప్పుకుని టీ బంకు చుట్టూ చేరతారు. "నిన్ననే కొండెక్కి గది తీసుకుని ఉంటే ఈపాటికి స్నానాలు కూడా అయిపోయేవి" అని ఒకరంటే, "గది దొరికితే కదా!" అని పక్కనుంచి ఇంకొకరు. కార్తీకమాసంలో ఇక్కడ ఏ తెల్లవారుజామున నిలబడినా వినిపించే మాటలే ఇవి.

గేటు తెరిచేది ఆరింటికి. మళ్లీ మూసేది రాత్రి తొమ్మిదింటికి. దోర్నాల దాటితే నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన ఈ అడవి దేశంలోని అతి పెద్ద పులుల ఆవాసాల్లో ఒకటి. రాత్రివేళ పులి, ఎలుగు, దుప్పి రోడ్డు దాటతాయి. వాటికి బండ్ల కింద పడే ప్రమాదం లేకుండా ఉండాలనే ఈ కట్టడి.

మధ్యలో మజిలీ లేదు

లోపల బసా, బయట బసా అన్నది వినోద పార్కులకూ ఉన్న ప్రశ్నే. వాల్ట్ డిస్నీ 1955లో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరిచినప్పుడు చుట్టుపక్కల భూములు ఆయనవి కావు. చూస్తుండగానే పార్కును ఆనుకుని మోటళ్లు లేచాయి. ఆ అనుభవంతో ఫ్లోరిడాలో వేల ఎకరాలు ముందే కొనిపెట్టుకున్నారు. 1971లో అక్కడ డిస్నీ వరల్డ్ సొంత హోటళ్లతోనే మొదలైంది. మన రామోజీ ఫిల్మ్ సిటీలోనూ సితార, తార హోటళ్లు లోపలే ఉన్నాయి. వద్దనుకుంటే హయత్‌నగర్‌లోనో ఎల్బీ నగర్‌లోనో దిగవచ్చు. రెండింటికీ పెద్ద దూరం లేదు.

శ్రీశైలానికి ఆ వెసులుబాటు లేదు. దోర్నాల నుంచి కొండ దాకా సుమారు 50 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు, అడవి, అక్కడక్కడా చెంచు గూడేలు. దారి పక్కన లాడ్జి కట్టేందుకు వీల్లేదు. కాబట్టి ఇక్కడ బయట బస అంటే గంటన్నర ప్రయాణానికి ఇవతల ఉండటమే. రాత్రి అయితే గేటుకు ఇవతల చిక్కుకోవడమే.

కొండపైన ఉంటే...

దేవస్థానానికి గంగా సదన్, గౌరీ సదన్, మల్లికార్జున సదన్ వంటి వసతి గృహాలున్నాయి. పర్యాటక సంస్థ వారి హరిత హోటల్ ఉంది. కరివేన సత్రం మొదలుకొని దాదాపు ప్రతి సామాజిక వర్గానికీ ఒక సత్రం ఉంది. చాలా సత్రాల్లో భోజనం కూడా అక్కడే.

కొండపైన నిద్ర చేస్తే దక్కేవి రెండు వేళలు. ఒకటి తెల్లవారుజాము: పాతాళగంగ స్నానం, సుప్రభాత వేళకు గుడి. రెండోది రాత్రి: చివరి హారతి దాకా తొందర లేకుండా ఉండొచ్చు. దిగువన బస చేసినవారు సాయంత్రం ఏడింటికల్లా తిరుగుముఖం పట్టాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, చంటిపిల్లల తల్లులు మధ్యాహ్నం గదికొచ్చి నడుం వాల్చవచ్చు.

మహాశివరాత్రి అయితే మరో మాటే లేదు. ఆ రాత్రి లింగోద్భవ వేళ ఆలయంలో దీపాలన్నీ ఆర్పేస్తారు. చీరాల నుంచి వచ్చిన నేతన్న, రోజుకో మూర చొప్పున ఏడాదంతా నేసిన పాగాను ఆ చీకట్లో గోపుర శిఖరం నుంచి ముఖమండపం మీది నందుల దాకా చుడతాడు. ఆ పాగాలంకరణ చూడాలంటే కొండపైనే ఉండాలి.

చిక్కల్లా గది దొరకడమే. కార్తీక సోమవారాలు, శివరాత్రి, కన్నడ భక్తులు వేలాదిగా నడిచొచ్చే ఉగాది రోజుల్లో ఖాళీలుండవు. తేదీ అనుకున్న రోజే దేవస్థానం వెబ్‌సైట్‌లో గది ఖాయం చేసుకోవాలి. దొరక్కపోతే డ్యాం దగ్గరి సున్నిపెంట చూడండి. ప్రాజెక్టు కట్టేటప్పుడు వెలిసిన ఆ ఊరు కొండకు దగ్గరే. అక్కడి నుంచి గుడికి వెళ్లిరావడానికి దోర్నాల గేటుతో పని పడదు.

దిగువన ఉంటే...

గుంటూరు–గుంతకల్లు లైనులో శ్రీశైలానికి దగ్గరి స్టేషన్ మార్కాపురం రోడ్. రాత్రిపూట రైలు దిగినవారికి మార్కాపురంలో పడుకోవడమే మేలు. నాలుగున్నరకు లేచి బయల్దేరితే ఆరింటికి గేటు దగ్గర, ఏడున్నరకు కొండ మీద. గిద్దలూరు, కంభం వాళ్లకైతే ఏ గదీ అక్కర్లేదు. చీకటితో బయల్దేరితే దర్శనం చేసుకుని రాత్రికి ఇంటికి చేరుకోవచ్చు.

దిగువ బస అంటే గది దొరకనివాళ్లు సర్దుకోవడమేనని చాలామంది అభిప్రాయం. అది సరికాదు. త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం. ముందు త్రిపురాంతకేశ్వరుణ్ణి చూసి, ఆపై మల్లన్న దగ్గరికి వెళ్లడం పాత ఆచారం. మార్కాపురంలో చెన్నకేశవస్వామి గుడి ఉంది. ఊరి చుట్టుపక్కల పలకల రాయి తీసి, కోసి, నునుపు చేసే యూనిట్లున్నాయి. తరాల పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు ఇక్కడివే. గుండ్లకమ్మ మీద విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. ఒక పూట అదనంగా ఉంటే ఇవన్నీ దారిలోనివే.

ఎవరికి ఏది?

ముందు మీరు ఏ వేళ దర్శనానికి వెళ్తున్నారో తేల్చుకోండి, గది సంగతి ఆ తర్వాత. సుప్రభాతమో రాత్రి పూజో చూడాలంటే, వెంట ముసలివాళ్లుంటే కొండపైన. రద్దీ రోజుల్లో పగటి దర్శనం చాలనుకుంటే, చేతిలో డబ్బు తక్కువైతే మార్కాపురమో దోర్నాలో. పిల్లలతో రెండు రోజులు తీరిగ్గా తిరగాలంటే ఒక రాత్రి దిగువన, ఒక రాత్రి పైన. మూడింటికీ వర్తించే హెచ్చరిక ఒకటే: సాయంత్రం ఆలస్యంగా దోర్నాల చేరి, గేటు దాటేయొచ్చులే అనుకోవద్దు. ఉత్సవాల్లో సడలింపు ఉంటే అధికారులే ముందుగా ప్రకటిస్తారు.

గేటును తిట్టుకోవడం మానాలి. రాత్రిపూట తొమ్మిది గంటల సేపు దారిని అడవికి వదిలేయడం పెద్ద త్యాగమేమీ కాదు. ఆ అడవి ఉండబట్టే శ్రీశైలం శ్రీశైలంలా ఉంది. అడగాల్సింది వేరే ఉంది. మార్కాపురం రోడ్ స్టేషన్ దగ్గర యాత్రికులకు శుభ్రమైన, చవకైన వసతి కావాలి. గేటు తెరిచే వేళకు దోర్నాల చేరేలా అక్కడి నుంచే బస్సు కావాలి. త్రిపురాంతకం, కంభం చెరువు కలిపి చూపించే ఒక రోజు యాత్ర కావాలి. ఇవి వస్తే గది దొరకనివారికి గేటు ముందు జాగారం తప్పుతుంది. యాత్రికుడు దాటిపోయే దారిగా మిగిలిపోయిన మార్కాపురం ప్రాంతానికీ ఆ యాత్ర వల్ల నాలుగు డబ్బులు మిగులుతాయి.