టిగ్ వెల్డింగు: యంత్రమును ఎన్నుకొనుట, ఇంటివద్ద నేర్చుకొనుట

గ్రామములందు ఇనుప పనికి నేడు కొదువ లేదు. గేట్లు, ట్రాక్టరు తొట్టెలు, గొర్రులు ఊరి వెల్డింగు దుకాణములోనే బాగుపడుచున్నవి. కాని పాలక్యానుకు చిల్లి పడినను, స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర అంచు పగిలినను, అల్యూమినియపు గొట్టము విరిగినను పలుచోట్ల పట్టణమునకు మోసికొని పోవలసి వచ్చుచున్నది. సన్నని రేకుపై సామాన్యపు వెల్డింగు పుల్ల పెట్టినచో అతుకు పడుటకు ముందే రంధ్రము పడును. ఇట్టి పనికి తగినది టిగ్ వెల్డింగు. దీనిని నేర్చుకొని ఇంటివద్దనే జీవనోపాధి కల్పించుకొనదలచిన యువకులు యంత్రమునకై అప్పు చేయుటకు ముందే తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు.

టిగ్ అనగానేమి?

సామాన్యపు వెల్డింగులో పుల్లయే కరిగి అతుకులో కలిసిపోవును. టిగ్ పద్ధతిలో టార్చి చివర టంగ్‌స్టన్ లోహపు పుల్ల యుండును. ఉక్కు సుమారు 1,500 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగగా, టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల వద్ద గాని కరుగదు. కావున అది తాను కరుగక ఆర్కును మాత్రము నిలుపును. అతుకునకు కావలసిన లోహమును రెండవ చేతితో సన్నని తీగ రూపమున అందింపవలెను. ఇంతలో టార్చినుండి ఆర్గాన్ వాయువు వెలువడి, కరిగిన లోహమునకు గాలి సోకకుండ గొడుగువలె కాపాడును. 1941లో అమెరికాలోని నార్త్రప్ విమాన సంస్థకు చెందిన రస్సెల్ మెరిడిత్ మెగ్నీషియము భాగములను అతుకుటకై హీలియము వాయువుతో ఈ పద్ధతిని రూపొందించెను. విమానములకై పుట్టిన విద్య నేడు పాలపాత్రలకును ఉపకరించుచున్నది.

మొదట పని, పిదప యంత్రము

మీ గ్రామమునకు వచ్చు పనులేవో ముందుగా ఒక కాగితముపై వ్రాసికొనుడు. గేట్లు, గొర్రులు, తొట్టెలు మాత్రమే యైనచో టిగ్ అవసరము లేదు. సామాన్యపు వెల్డింగే త్వరగాను, చౌకగాను ముగియును. స్టెయిన్‌లెస్ స్టీలు పని వచ్చుననుకొన్నచో డి.సి. టిగ్ యంత్రము చాలును. ఈ రకపు ఇన్వర్టరు యంత్రములలో చాలవరకు సామాన్యపు పుల్లలతోను పని చేయవచ్చును. కావున పాత పని నిలిచిపోదు.

అల్యూమినియమునకు మాత్రము ఏ.సి., డి.సి. రెండును గల యంత్రము కావలెను. దీనికి కారణము కలదు. అల్యూమినియము 660 డిగ్రీల వద్దనే కరుగును గాని, దానిపై నుండు ఆక్సైడు పొర 2,000 డిగ్రీలు దాటినను కరుగదు. లోపల లోహము నీరైపోవును, పైపొర తోలుతిత్తివలె నిలుచును. ఏ.సి. ప్రవాహము దిశ మారినప్పుడెల్ల ఆ పొరను చెదరగొట్టును. డి.సి. యంత్రము ఈ పని చేయజాలదు. ఈ భేదము తెలియక డి.సి. యంత్రమును కొని, పిదప అల్యూమినియపు క్యాను ఎదుట చేతులు కట్టుకొని నిలుచుట నష్టదాయకము. ఏ.సి. సౌకర్యము గల యంత్రము వెల హెచ్చు. కావున ఆ పని నిజముగా వచ్చునా యని ముందుగా విచారింపవలెను.

పుల్లను రేకునకు తాకింపకుండగనే ఆర్కును వెలిగించు హై ఫ్రీక్వెన్సీ ఏర్పాటు ఉన్నచో మేలు. తాకించి వెలిగించునపుడు మొన చెడుట హెచ్చు. మిల్లీమీటరు మందపు ఉక్కునకు సుమారు 40 ఆంపియర్లని లెక్క. మూడు మిల్లీమీటర్లకు 120. ఇంటి పనికి 200 ఆంపియర్ల యంత్రము సాధారణముగా సరిపోవును. 10 ఆంపియర్ల వరకు తగ్గునట్టిదైనచో పలుచని రేకునకు మంచిది.

యంత్రముపై వ్రాసిన శాతమును తప్పక చదువుడు. 200 ఆంపియర్ల వద్ద 60 శాతమనగా పది నిమిషములలో ఆరు నిమిషములు పని, నాలుగు నిమిషములు విశ్రాంతి. ఈ లెక్క 40 డిగ్రీల వేడిమికి కట్టినది. మన వేసవిలో రేకుల షెడ్డు క్రింద వేడి అంతకు మించును. అప్పుడు విశ్రాంతిని పెంచవలెను.

విద్యుత్తు, గ్యాసు

ఇంటి సామాన్యపు ప్లగ్గు ఈ భారమునకు తగదు. ప్రత్యేకమైన తీగ, స్విచ్చు, మంచి ఎర్తింగు కావలెను. గృహ కనెక్షనుపై వ్యాపారము చేయుట 2003 విద్యుత్ చట్టము ప్రకారము అనధికార వినియోగమగును. కావున దుకాణము తెరచుటకు ముందు విద్యుత్ కార్యాలయమున తగిన కనెక్షనుకు దరఖాస్తు పెట్టుకొనవలెను.

టిగ్ పనికి స్వచ్ఛమైన ఆర్గాన్ వలయును. కార్బన్ డయాక్సైడు కలిసిన గ్యాసు పుల్లను పాడుచేయును. 150 బారుల పీడనముతో నింపిన 47 లీటర్ల సిలిండరులో సుమారు 7,000 లీటర్ల వాయువు పట్టును. నిమిషమునకు 8 లీటర్ల చొప్పున అది 14 గంటలకు పైగా వచ్చును. ఈ లెక్కతో ఒక్కొక్క అతుకునకు ఎంత ఖర్చగునో తేల్చుకొని, కూలి నిర్ణయింపవచ్చును. సిలిండరును గోడకు గొలుసుతో బిగింపవలెను.

టంగ్‌స్టన్ పుల్లలకు రంగు గుర్తులు కలవు. ఎర్రగుర్తు పుల్లలో రేడియోధార్మికత గల థోరియము ఉన్నది. సానపట్టునపుడు దాని ధూళి పీల్చుట హానికరము. లాంథనము గల బంగారు లేక నీలి గుర్తు పుల్లలు ఏ.సి., డి.సి. రెండింటికిని పనికివచ్చును. మొనను పుల్ల నిలువునకు సానపట్టవలెను, అడ్డముగా కాదు.

అభ్యాస క్రమము

మొదట రెండు మిల్లీమీటర్ల ఉక్కు రేకు ముక్కలను మెరయునట్లు శుభ్రపరచుకొనుడు. తుప్పు, రంగు, నూనె ఏ మాత్రమును నిలువరాదు. కరెంటు లేకుండగనే టార్చి పట్టి గీతవెంట చేతిని కదలించి అలవాటు చేసికొనుడు. పిదప 70, 80 ఆంపియర్లతో ఆర్కు వెలిగించి, తీగ లేకుండ, కరిగిన మడుగును ఒకే వెడల్పున నడిపించుట నేర్వవలెను. పుల్ల మొనకును రేకునకును రెండు మూడు మిల్లీమీటర్ల ఎడముండవలెను. టార్చి కొంచెము వెనుకకు వాలవలెను. మడుగు చేతికి లొంగిన పిదపనే తీగను దాని ముందంచున చుక్కచుక్కగా అందింపవలెను.

పుల్ల మడుగును తాకినచో ఆపి, మరల సానపట్టుడు. అతుకులో సూదిబెజ్జములు కనిపించినచో గాలి చొరబడినదని గాని, రేకు మురికిగా ఉన్నదని గాని గ్రహింపవలెను. పంకాను పనిపైకి త్రిప్పరాదు. ఆర్కు ఆపిన వెంటనే టార్చిని తీయక, గ్యాసు ఆగువరకు అచ్చటనే నిలుపవలెను. అతికిన ముక్కను వైసులో బిగించి వంచిచూడుడు. విరిగినచో అభ్యాసము చాలలేదన్నమాట.

ఉక్కు పిదప స్టెయిన్‌లెస్ స్టీలు, తుదకు అల్యూమినియము. పాలపాత్ర అతుకునపుడు లోపలివైపునకును ఆర్గాన్ అందింపవలెను. లేనిచో అచ్చట లోహము మాడి గరుకుగా నల్లబడును. ఆ గరుకులో నిలిచిన పాలు ఎంత కడిగినను పోక పులిసి, మరునాటి పాలను చెరచును. పైకి అందముగా నున్నంత మాత్రమున అతుకు మంచిది కాదు.

కన్ను, ఊపిరి

ఆర్కు కాంతిని క్షణము చూచినను కండ్లు మండి, రాత్రి ఇసుక పోసినట్లుండును. 100 ఆంపియర్ల పనికి 10 లేక 11 సంఖ్య గల అద్దము ధరింపవలెను. ఇంటిలోని పిల్లలకు కాంతి సోకకుండ తెర కట్టవలెను. ఒంటినిండ నూలు బట్టలు, చేతులకు తోలు తొడుగులు ఉండవలెను. జింకు పూసిన రేకు పొగ జ్వరము తెప్పించును. క్లోరిన్ గల ద్రావకములతో తుడిచిన రేకునుండి ప్రాణాంతకమైన ఫాస్జీన్ పుట్టవచ్చును. ఆర్గాన్ గాలికన్న బరువైనది, వాసన లేనిది. గుంటలలో, తొట్లలో, మూసిన గదులలో అది నిండి ఊపిరాడకుండ చేయును. కావున తలుపులు తెరచి పనిచేయవలెను. డీజిలు, పెట్రోలు నిలువయుంచిన డ్రమ్ములను ఇంటివద్ద ఎన్నడును అతుకరాదు.

పారిశ్రామిక శిక్షణ సంస్థలలో వెల్డరు శిక్షణకు ఒక సంవత్సరము పట్టును. ఇంటివద్ద నేర్చువారు దీనిని గుర్తుంచుకొని తొందరపడరాదు. వీలైనచో తెలిసిన దుకాణములో కొన్నాళ్లు చేయి తిరుగనిచ్చి, తమకు ఏ యంత్రము కావలెనో తేలిన పిదపనే సొమ్ము వెచ్చించుట వివేకము. మంచి యంత్రము బజారున దొరకును. నిలకడగల చేయి మాత్రము అభ్యాసముననే లభించును. ఆ చేయి గల పనివాడు ఊరిలో నున్నచో, చిల్లిపడిన పాలక్యాను మరునాటి ఉదయమునకే పాలకేంద్రమునకు పోవును.