చీలిక ముందా, కబురు ముందా?

ఉప్పల్ దాటి చెంగిచెర్ల వైపు పోయేవారికి గ్యాసు టాంకర్లు కొత్త కావు. పక్కనే చర్లపల్లిలో సిలిండర్లు నింపే కర్మాగారాలున్నవి. టాంకరైతే కంటికి కనిపిస్తుంది, తప్పుకుని పోతాం. కాని ఎంతో గ్యాసు భూమిలో పాతిన ఉక్కు గొట్టాలలో, మన కాళ్ళకిందనే ప్రయాణం చేస్తుంది.

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో, నగరం అనే ఊళ్ళో అట్లాంటి గొట్టం ఒకటి బద్దలై అంటుకున్నది. ఇరవైమందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయినవి. నీరు కలిసిన గ్యాసువల్ల గొట్టానికి లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది.

గొట్టం తెగితే లోపలి గ్యాసంతా ఒక్కసారే బయటికి రాదు. ఎందుకని? తిరనాళ్ళలో గుడి తలుపు తీయగానే ముందున్నవాళ్ళు కదులుతారు. వెనకవాళ్ళు తమ ముందు చోటు ఖాళీ అయినాకనే కదులుతారు. గ్యాసూ అంతే. "ముందు ఖాళీ అయింది" అనే మొదటి కబురు, ఆ గ్యాసులో ధ్వని పోయే వేగంతోనే వెనక్కు పోతుంది. మామూలు మీథేన్‌లో అది సెకనుకు సుమారు 450 మీటర్లు. "ఇంకా తగ్గింది, ఇంకా తగ్గింది" అనే తరువాతి కబుర్లు మరికాస్త నిదానం.

ఇంతలో ఉక్కులో చీలికకూడా గొట్టం పొడుగునా పరుగెత్తుతుంది. దాన్ని తోసేది లోపలి పీడనమే. కబుర్లు ముందుకు పోయి పీడనం పడిపోతే చీలిక ఆగుతుంది. చీలికే ముందుంటే దానికి ఎప్పుడూ నిండు పీడనమే దొరుకుతుంది. 1960లో అమెరికాలో పరీక్ష చేస్తూండగా, పెళుసు ఉక్కు గొట్టం ఒకటి 13 కిలోమీటర్లు చీలిపోయింది!

ఈ పందేన్ని కొలిచేదెట్లా? కెనడాలోని డిడ్స్‌బరీలో ఒక పొడుగాటి సన్నని గొట్టం ఉన్నది. దానిలో గ్యాసు దట్టించి, చివర మూసిన రేకును పగలగొడతారు. గొట్టం వెంట అమర్చిన పరికరాలు పీడనం ఏ క్షణాన పడిందో రాసుకుంటవి. రెండు పరికరాల మధ్య 10 మీటర్లుండి, కబురు సెకనులో నలభయ్యో వంతులో చేరితే వేగం ఎంత? 400 మీటర్లు. మీరూ లెక్క వేయగలరు.

చిక్కు ఇంకొకటున్నది. వ్యాకోచించే గ్యాసు చల్లబడుతుంది. దానిలో ప్రొపేన్ వంటివి ఎక్కువగా ఉంటే మంచుతుంపరలా ద్రవబిందువులు ఏర్పడి, కబురు వేగం ఒక్కసారిగా పడిపోతుంది. గెలుపు చీలికవైపు మొగ్గుతుంది.

అందుకే ఇంజనీర్లు కబురు వేగానికొక గీత, చీలిక వేగానికొక గీత గీస్తారు. ఈ పద్ధతి అమెరికాలోని బాటెల్ సంస్థలో పుట్టింది. గీతలు ఒకదాన్నొకటి తాకకపోతే చీలిక దానంతటదే ఆగుతుంది. తాకితే, చిరుగుకు లొంగని ఉక్కు వెతకాలి. లేదా బండిచక్రానికి ఇనపకట్టు వేసినట్టు, గొట్టానికి అక్కడక్కడా కట్లు బిగించాలి.