బోరు మోటారులో కరెంటు ఎక్కడికి పోవుచున్నది?



దొనకొండ ప్రాంతములో వెనుక కపిల తోలిన సంగతి మీ పెద్దలు చెప్పగా వినియే యుందురు. ఎడ్లు తిన్న చొప్ప వాటి ఒంటిలో బలమై, ఆ బలము మోకును లాగి, బావినీటిని పైకి తెచ్చెడిది. మంచి ఎడ్లజత నిలకడగా చేయు పని సుమారు ఒక అశ్వశక్తి. నేడు బోరులో మోటారు చేయు పనియు అదే. చొప్పకు బదులు కరెంటు. మోటారు కరెంటును తిరుగుడుగా మార్చును, పంపు ఆ తిరుగుడుతో నీటిని పైకెత్తును. మార్పు జరిగిన ప్రతిచోట కొంత శక్తి వేడిగా జారిపోవును.

ఎంత పోవునో చూడుడు. ఏ నష్టమును లేనిచో ఒక యూనిట్ కరెంటుతో 200 అడుగుల లోతునుండి సుమారు 6,000 లీటర్ల నీరు తోడవచ్చును. మోటారు నూటికి 75 పాళ్లు, పంపు 55 పాళ్లు పని ఇచ్చినచో పైకి వచ్చునది 2,500 లీటర్ల లోపే. సౌర పంపుసెట్టులోనైతే, పలకపై పడిన ఎండలో సుమారు ఐదవ వంతే కరెంటుగా మారును.

"2004 నుండి కరెంటు ఉచితమే గదా, ఈ లెక్క మాకెందుకు?" అని మీరు అడుగవచ్చును. కరెంటు ఉచితమేగాని, కాలిన వైండింగు ఉచితము కాదు. మోటారును బయటికి లాగి, చుట్టించి, తిరిగి దించునాటికి మిరపచేను వాడిపోవును.

వోల్టేజి తగ్గినప్పుడు మోటారు అదే పనికి ఎక్కువ కరెంటు లాగును. కరెంటు ఒకటిన్నర రెట్లయినచో వైండింగులో పుట్టు వేడి రెండుంబావు రెట్లగును. మూడు ఫేజులలో ఒకటి పోయినను ఇదే ప్రమాదము. పైగా మోటారు మొదలగునప్పుడు మామూలుకంటె ఐదారు రెట్లు కరెంటు లాగును. ఆటో స్టార్టర్లున్న చోట కరెంటు రాగానే అన్ని మోటార్లును ఒక్కసారిగా లేచును, వోల్టేజి పడిపోవును. ఆటో స్టార్టరు రైతుకు నిద్ర ఇచ్చునుగాని ట్రాన్స్‌ఫార్మరుకు ఇవ్వదు! దానిని తీసివేసి, ఫేజు పోగానే మోటారును ఆపు సాధనమును స్టార్టరుకు తగిలించుకొనుడు.

బోరులోని మోటారును చల్లబరచునది చుట్టునున్న నీరే. నీరు మోటారు దిగువకు పోయిన తరువాత నడిపినచో వేడి పోవుటకు దారి లేదు. మన ప్రాంతములో నీరు రాతి పగుళ్లలో ఊరునది. పెద్ద మోటారు దించినంత మాత్రాన ఊట పెరుగదు, బోరు త్వరగా ఖాళీ యగును.

కొత్త మోటారు కొనుటకు ముందు ఈ పరీక్ష చేయుడు. పాత మోటారును రెండు గంటలు నడిపిన తరువాత 200 లీటర్ల పీపాను నింపుడు. 100 సెకండ్లు పట్టినచో మీ బోరు సెకండుకు 2 లీటర్లు ఇచ్చుచున్నదన్నమాట. మోటారు నడుచుచుండగా నీటిమట్టము 200 అడుగులలో నిలిచినచో, పంపు నష్టమును, పైపుల ఒరిపిడిని కలుపుకొన్నను కావలసినది 4 అశ్వశక్తులు దాటదు. ప్రక్కచేనివారు ఏడున్నర దించినను, మీకు 5 అశ్వశక్తుల మోటారు చాలును.