చర్మమును కుట్టు యంత్రము

బట్టను కుట్టుటకును తోలును కుట్టుటకును సూది దారములే సాధనములగుటచే ఈ రెండు పనులును ఒక్కటియే యని పైపైని చూచువారికి తోచును గాని, ఆ రెండు వస్తువుల స్వభావములను నిదానించి పరిశీలించినచో వాని నడుమ గల అంతరము సామాన్యమైనది కాదని తేటపడును. వస్త్రము పడుగు పేకల అల్లిక. సూది దిగినప్పుడు నూలుపోగులు ఇటునటు తొలగి దానికి దారి యిచ్చి, సూది పైకి పోయిన పిదప మరల యథాస్థానమునకు చేరుకొనును. తప్పుగా పడిన కుట్టును విప్పి, తడిపి, ఇస్త్రీ చేసినచో గుర్తైనను మిగులదు. చర్మమట్టిది కాదు. అతిసూక్ష్మములైన తంతువులు నలుదెసల పెనగొని ఏర్పడిన పొర యగుటచే దానియందు పడిన రంధ్రము మరల పూడదు. తోలుపై కుట్టు తప్పినవానికి దిద్దుకొను అవకాశము లేదు. ఈ ఒక్క గుణమే తోలుకుట్టు యంత్రము యొక్క పుట్టుకను, పెంపును, నేటికిని దాని మరమ్మతును శాసించుచున్నది.

యంత్రము రాకపూర్వము మన పల్లెలలో చెప్పులను, జీనులను, నూతినుండి నీరు తోడు కపిల బానలను కుట్టిన చర్మకారుడు ముందుగా ఆరెతో రంధ్రము పొడిచి, మైనము పట్టించిన దారమునో, సన్నని తోలు పట్టీనో ఆ రంధ్రముగుండ దూర్చి బిగించువాడు. రంధ్రము చేయుట యొక పని, దారము నడుపుట వేరొక పని. రంధ్రమునకును రంధ్రమునకును నడుమ ఎంత యెడముండవలెనో ఆతని కన్నును, దారము నెంత బిగువుగా లాగవలెనో ఆతని మణికట్టును నిర్ణయించెడివి. ఈ నాలుగు పనులను, అనగా పొడుచుట, దూర్చుట, జరుపుట, బిగించుట అనువానిని, చేతినుండి తీసి ఇనుమునకు నేర్పుటయే తరువాతి చరిత్ర యంతయు.

ఇంగ్లండు దేశమున సామాను వడ్రంగియైన థామస్ సెయింట్ అనువాడు 1790లో పొందిన పేటెంటునందు కుట్టు యంత్ర మొకటి సచిత్రముగా వర్ణింపబడి యున్నది. చిత్రమేమనగా, లోకమునకు కుట్టు యంత్రమును చూపిన ఈ తొలి పత్రము నూలుబట్టను గాని పట్టుబట్టను గాని ఉద్దేశించినది కాదు. అది తోలును, కాన్వాసును కుట్టుటకై కల్పింపబడినది. సెయింట్ చర్మకారుని చేతులనే అనుకరించెను. ముందు ఆరె దిగి రంధ్రము పొడుచును; ఆ వెనుక కొన చీలిన సూది యొకటి దారమును ఆ రంధ్రమునుండి క్రిందికి నెట్టును; క్రింద నున్న కొక్కెము ఆ దారపు ఉచ్చును పట్టి నిలుపగా, తరువాతి ఉచ్చు దానిలోనుండి వచ్చి గొలుసు కుట్టు ఏర్పడును. జోళ్ళ తయారీ, వార్నిషులు మొదలగు విషయములతో కలగలసి ఈ వర్ణన ఒకే పత్రమున చేరుటచే, అది ఎనుబది యేండ్లకు పైగా ఎవరి కంటను పడక మరుగుననే యుండెను. 1874 ప్రాంతమున విలియం న్యూటన్ విల్సన్ దానిని వెలికి తీసి, ఆ చిత్రముల ననుసరించి ఒక నమూనాను నిర్మించెను. అయితే అది కుట్టవలెనన్న కొన్ని మార్పులు చేయక తప్పినది కాదు. ఆ నమూనా లండను సైన్సు మ్యూజియమునకు చేరినది.

ఈ లోపల యంత్రము బట్టల దారి పట్టెను. ఫ్రాన్సులో బార్తెలెమీ తిమోనియే అను దర్జీ 1830లో పేటెంటు పొంది, పారిసునందు సైనికుల దుస్తులు కుట్టు కార్ఖానాను నడుపగా, తమ కూటికి ఎసరు వచ్చెనని తలచిన దర్జీలు 1831లో గుంపుగా వచ్చి యంత్రములను ధ్వంసము చేసిరి. ఆతడు కుట్టించినదియు గొలుసు కుట్టే. ఒక్కచోట దారము తెగినచో లాగినకొలది విడిపోవుట దాని లోపము. న్యూయార్కు నగరమున వాల్టర్ హంట్ 1833 ప్రాంతమున సూది కన్నును తల నుండి మొన వద్దకు తెచ్చి, పై దారమును క్రింద నొక షటిలులోని రెండవ దారముతో మెలివేయించెను గాని పేటెంటు తీసికొనలేదు. 1846 సెప్టెంబరు 10వ తేదీన అట్టి కుట్టునకే పేటెంటు పొందిన ఎలియాస్ హౌ యంత్రమున బట్టను ముళ్ళుగల పట్టీకి నిలువుగా తగిలింపవలసి యుండెను. పట్టీ ముగియగానే యంత్రము నాపి బట్టను మరల తగిలింపవలెను. 1851లో ఐజాక్ సింగర్ సూదిని నిలువుగా నిలిపి, బట్టను బల్లపై పరచి, పైనుండి పాదముతో అదిమించెను. 1854లో అలెన్ విల్సన్ బట్టను క్రిందనుండి జరుపు పళ్ళపట్టీకి లేచుట, సాగుట, దిగుట, మరలుట అను నాలుగు గతులను నేర్పెను.

బట్టపై గడించిన ఈ నేర్పు తిరిగి తోలు వద్దకు వచ్చుటకు ఆట్టే కాలము పట్టలేదు. అమెరికాలో లైమన్ బ్లేక్ 1858లో జోడు అడుగును పై తోలుతో కలిపి కుట్టు యంత్రమునకు పేటెంటు పొందెను. జోటిలోనికి దూరు కొమ్మువంటి చేయి దాని విశేషము. గోర్డన్ మెక్కే ఆ హక్కును కొని మెరుగుపరచగా, అంతర్యుద్ధమున సైనికుల జోళ్ళు ఆ యంత్రముపై కుట్టబడెను. జర్మనీలో కైజర్స్‌లౌటర్న్ పట్టణమున ఇత్తడి వాద్యములు చేయు గియోర్గ్ ఫాఫ్ 1862లో స్వహస్తములతో చేసిన తొలి యంత్రము జోళ్ళ తోలును కుట్టుటకే. స్కాట్లండులోని సింగర్ కంపెనీవారి కిల్బౌయీ కార్ఖానానుండి వెలువడిన 29కె తరగతి యంత్రము మాసికలు వేయువారికి ప్రాణమిత్రమైనది; దాని సన్నని పొడుగు చేయి జోటి ముక్కువరకు దూరును, దాని పాదము చుట్టును పూర్తిగా తిరుగును. జోటిని త్రిప్పుటకు చోటు లేనిచో పాదమునే త్రిప్పి ఏ దిక్కునకైనను కుట్టవచ్చును. తోలును జరుపునదియు పైనున్న ఆ పాదమే.

జరుపుటయందే తోలు పెట్టు చిక్కు ఎక్కువ. బట్ట మిషనున క్రింది పళ్ళు బట్టను లాగుచుండగా పైనున్న పాదము కదలక అదిమి యుండును. ఒరిపిడి ఎక్కువగా గల తోలు ఆ పాదము క్రింద జారక పట్టుకొనుటచే క్రింది పొర సాగిపోవును, పై పొర వెనుకబడును. కుట్టు ముగియు వేళకు పై పొర అంచు క్రింది దానితో కలియక మిగిలిపోవును. ఒత్తిడి పెంచితిమా, పళ్ళ గాట్లు తోలుపై శాశ్వతముగా నిలుచును. ఈ ఉభయసంకటమునుండి పుట్టినదే సూదియు, పాదమును, పళ్ళును కలిసి నడచు వాకింగ్ ఫుట్ యంత్రము. దానికి పాదములు రెండు, లోపలిదియు వెలుపలిదియు. తోలులోనికి దిగిన సూది పైకి రాకుండగనే లోపలి పాదముతోను క్రింది పళ్ళతోను కలిసి ఒక కుట్టు దూరము జరుగును. ఆ క్షణమున వెలుపలి పాదము లేచి దారి యిచ్చును. పిదప వెలుపలి పాదము దిగి తోలును పట్టుకొనగా, సూదియు లోపలి పాదమును లేచి మొదటి చోటికి తిరిగివచ్చును. పొరలన్నియు సూదికి గ్రుచ్చబడియే కదలుటచే ఒకటి ముందు, ఒకటి వెనుక యగుట కవకాశము లేదు.

ఇక మరమ్మతు సంగతి. అనుభవశాలియైన మేస్త్రీ స్క్రూడ్రైవరు పట్టుటకు పూర్వము సూదిని చూచును. సూది పరిమాణపు అంకె దాని లావును తెలుపును. 100 అన్నచో ఒక మిల్లీమీటరు, 160 అన్నచో 1.6 మిల్లీమీటర్లు. గుండ్రని మొన బట్టకు. తోలునకు కోయు మొన కావలెను. ప్రాచీనుని ఆరెయే ఇచ్చట సూది మొనలో లీనమైనదని చెప్పవచ్చును. ఆ కోత ఏటవాలుగా పడినచో కుట్లు వాలుగా, అందముగా కూర్చుండును. కుట్టు వరుస వెంబడి పడినచో రంధ్రముల నడుమ మిగులు తోలు తగ్గును. దట్టమైన కఠిన చర్మమునకు ముక్కోణపు మొన తగును. కుట్టు పొట్టిదైనకొలది గట్టిదను బట్టల సూత్రము ఇచ్చట చెల్లదు; మిక్కిలి దగ్గరగా రంధ్రములు పడిన తోలు తపాలా బిళ్ళల కాగితమువలె ఆ వరుస వెంబడియే చినుగును. దారమునకు సూది తగునో లేదో తెలియుటకు దారము మూరెడు తీసి, విడి సూదికి ఎక్కించి ఏటవాలుగా పట్టుకొనవలెను. సూది తన బరువుతో తానే జారిపోయినచో కన్ను చాలినదని యర్థము. అంతేకాక ఈ యంత్రములకు సాధారణముగా ఎడమ పురి దారమే వాడవలెను. పురి తిరుగబడినదైనచో నడచుచున్న కొలది విడివడి చీలును.

రెండవది సూదియు, క్రింద దారపు ఉచ్చును పట్టు హుక్కును కలియు ఘట్టము. కుట్టు పుట్టునది ఇచ్చటనే. విద్యుత్తు నాపి, సూది దిగు రంధ్రముగల పలకను తీసి, చక్రమును చేతితో మెల్లగా నడచు దిక్కునకే త్రిప్పుచు చూడవలెను. సూది అట్టడుగునకు పోయి, పైకి సుమారు 2 మిల్లీమీటర్లు లేచునప్పటికి, దాని వెనుక నున్న దారము బిగువు వదలి చిన్న ఉచ్చుగా ఉబుకును. సరిగా ఆ క్షణమున హుక్కు మొన వచ్చి, సూది కన్నునకు ఇంచుక పైగా, సూదికి తగిలీ తగులక, అనగా మిల్లీమీటరులో పదవవంతునకు మించని యెడముతో, ఆ ఉచ్చులోనికి దూరవలెను. ముందు వచ్చినచో ఉచ్చు ఇంకను పుట్టి యుండదు. ఆలస్యమైనచో అది పెరిగి ఒరిగిపోవును. ఎడము హెచ్చినచో మొన దారము ప్రక్కనుండి దాటిపోవును. బొత్తిగా లేనిచో సూదినే గీకి మొన మొద్దుబారును. యంత్రమును బట్టి ఈ కొలతలు కొంచెము మారును గాని న్యాయ మొక్కటే.

కుట్లు దాటిపోవుచున్నవని వచ్చిన యంత్రమున ఈ కొలతలన్నియు సరిగా నున్నను దోషము తీరకపోవుట కలదు. అప్పుడు మేస్త్రీ హుక్కును వదలి తోలును చూచును. సూదిని గట్టిగా పట్టుకొన్న తోలు, సూది లేచునప్పుడు తానును దానితో కొంచెము లేచును. తోలు లేచినంతసేపు దారము వదులు కాదు, ఉచ్చు పుట్టదు, హుక్కు వట్టిచేతులతో తిరిగిపోవును. పాదపు ఒత్తిడి కొంచెము పెంచుట, పలకలోని వెడల్పైన రంధ్రమునకు బదులు సూదికి తగిన రంధ్రముగల పలకను బిగించుట, పదునైన కోత మొనగల సూదిని వేయుట, దీనికి మందులు. ఈ సంగతి ఎరుగనివాడు సరిగా నున్న హుక్కును కదిపి లేని జబ్బును తెచ్చి పెట్టును.

అట్టిదే మరియొకటి. కొన్ని వాకింగ్ ఫుట్ యంత్రములలో దారము చిక్కి బిగుసుకొన్నప్పుడు హుక్కు విరుగకుండుటకై రక్షక క్లచ్చు అమర్చి యుందురు. అది విడిపోయినచో సూది ఆడుచుండును, హుక్కు తిరుగదు. సూదియు హుక్కును కలియు వేళ, అనగా టైమింగు, తప్పినదని భ్రమపడి స్క్రూలన్నియు వదులు చేయువారు గలరు. తెలిసినవాడు చిక్కిన దారమును తీసి, గుండీని నొక్కి చక్రమును త్రిప్పి, ఒక్క నిమిషములో దానిని తిరిగి తగిలించును.

తుదకు బిగువు. రెండు దారములును మెలిపడు ముడి తోలు మందము నడుమ దాగవలెను. అడుగున దారము కుచ్చులుగా పేరుకొన్నచో క్రింది దారము చుట్టిన బాబినును నిందించుట అలవాటు; నిజమునకు దోషము చాలవరకు పై దారముదే, అది బిగువు నిచ్చు బిళ్ళల నడుమకు దిగక పైననే యుండుట చేత. ఆ పై వేగము. పాత క్లచ్చు మోటారు నిమిషమునకు 1440 సారులో, అంతకు రెట్టింపో తిరుగును. ఆ వేగమున దట్టమైన తోలును పొడిచిన సూది కాగి నైలాను దారమును కరగించును. అందుచే చిన్న కప్పీ నుండి పెద్ద కప్పీకి బెల్టు వేసి వేగమును తగ్గించి బలమును పెంచుటయో, మెల్లగా సైతము గట్టిగా లాగు సర్వో మోటారును అమర్చుటయో కర్తవ్యము. నూనె హెచ్చినచో తోలుపై మరక పడును. ఆ మరకయు రంధ్రమువంటిదే, పోదు.

ఈ యంత్రములు మన దేశమున విరివిగా నాటుకొనుటకు చర్మ విజ్ఞానము ఆధారమైనది. 1948లో మద్రాసునందు స్థాపింపబడిన కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థకు, తెనాలి ప్రాంతపు యలవర్రున జన్మించిన యలవర్తి నాయుడమ్మ 1958 నుండి డైరెక్టరుగా నుండి, దానికి అంతర్జాతీయ ఖ్యాతిని తెచ్చెను. 1970 దశకమున ప్రభుత్వము ముడి తోళ్ళ ఎగుమతిని అరికట్టి, తయారైన సరుకు వైపు పరిశ్రమను మరలించుటతో ఆంబూరు, వాణియంబాడి, ఆగ్రా, కాన్పూరులందు జోళ్ళ కార్ఖానాలు పెరిగెను. తోలును ఊనుట శాస్త్రజ్ఞుని పనియైనచో, ఆ తోలు జోడగునో, చెత్తబుట్ట పాలగునో నిర్ణయించునది కుట్టు బల్ల.

సెయింట్ ఆరె, హంట్ సూది, సింగర్ పాదము, అలెన్ విల్సన్ పళ్ళు అను వరుసలో యంత్రము ఎదిగినట్లే, మరమ్మతు చేయువాడును సూది, హుక్కు, పాదము, పళ్ళు, బిగువు అను వరుసలో దానిని పరీక్షించును. ఆ వరుస తప్పి తుదిదానిని ముందు ముట్టినవాడు ఒక తప్పును వేరొక తప్పుతో కప్పును. విరిగిన భాగము వలన చెడు యంత్రములు కొన్నియే; భాగములన్నియు మంచివై, వాని పరస్పర సంబంధము తప్పుట వలన చెడునవి పెక్కు. కనుక చప్పుడు తగ్గినదనియో, బట్ట పేలికపై కుట్టు చక్కగా పడినదనియో యంత్రమును అప్పగింపరాదు. ఖాతాదారు కుట్టబోవు తోలులోనే ఒక ముక్కను, ఆతడు వాడు దారమునే తీసికొని, తిన్నని వరుసను, వంపును, రెండు పొరలు నాలుగగు చోటును కుట్టి, ఆ కుట్టును నడుమకు కోసి ముడి ఎచ్చట నిలిచినదో చూడవలెను. ఆ ముడి నాలుగు పొరల చోటనైనను నడుమనే యున్నయెడల యంత్రము సిద్ధమైనట్లు.