టేకు మీద నెమలి: మిషన్‌కి ఏ బిట్టు? ఎంత స్పీడు?

చెక్క మాడిన వాసన మీలో ఎంతమందికి తెలుసో గానీ, నాకు మాత్రం బాగా తెలుసండీ. పోపు మాడితే ఇంకో పోపు పెట్టుకుంటాం. ఐదు వేల రూపాయల టేకు చెక్క మాడితే ఏం చేస్తాం?

2022 శ్రావణమాసంలో జరిగిందిది. మా ఇంటి వెనక షెడ్డులో తలుపుల మీద బొమ్మలు చెక్కే సి.ఎన్.సి. రూటర్ మిషన్ వుంది. కంప్యూటర్లో బొమ్మ పెడితే, గిర్రున తిరిగే బిట్టు ఆ ప్రకారం చెక్క మీద నడుస్తూ చెక్కుకుంటూ పోతుంది. అంతకు ముందు ఏడాదే బ్యాంకు అప్పు తీసుకుని కొన్నాం. నడిపే కుర్రాడు చెప్పా పెట్టకుండా మానేశాడు. మావారు చెక్క కోసం రాజమండ్రి వెళ్ళారు. మా వీధిలోనే వుండే పిన్నిగారి పూజగది తలుపు సగంలో వుంది. రెండు రెక్కలు, రెక్కకో నెమలి. ఒక నెమలి అయ్యింది. గృహప్రవేశానికి ఇంకా ఎనిమిది రోజులే వుంది. రోజూ చూస్తున్నదేగా, బటన్ నొక్కడమేగా అనుకుని రెండో రెక్క నేనే మొదలుపెట్టేశాను.

ఈకలు సన్నగా రావాలని అన్నిటికన్నా సన్న బిట్టు బిగించాను. అది విరిగిపోతుందేమోనని భయపడి నడక బాగా తగ్గించాను. ఎంతో జాగ్రత్తపడ్డాననే అనుకున్నాను సుమండీ! పావుగంటకల్లా పొగ వాసన. నెమలి మెడ చుట్టూ నల్లటి మరక. ఇంతలో టప్పుమని బిట్టు విరిగి, సగం ముక్క చెక్కలోనే వుండిపోయింది.

మా మామగారు నలభై ఏళ్ళు ఉలితో గుమ్మాలు చెక్కిన మనిషి. మిషన్ వంక ఆయన సరిగ్గా చూసేవారే కాదు. ఆ రోజు కర్ర పట్టుకుని వచ్చి, చెక్క మీద పడిన పొడి చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూశారు. “ఇది పొట్టు కాదమ్మా, పిండి. నీ బిట్టు చెక్కని కొయ్యటంలేదు, రుద్దుతోంది” అన్నారు. నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నెమ్మదిగా నడిపితే ఎందుకు మాడింది?

నేను చదివింది ఇంటర్ సి.ఇ.సి. మిషన్ లెక్కలు నాకు రావనుకున్నాను. తీరా కూర్చుంటే అది పచారీ లెక్కంత కూడా లేదు. బిట్టుకి కోసే అంచులుంటాయి, వాటిని ఫ్లూట్లు అంటారు. రెండంచుల బిట్టు నిమిషానికి 18,000 చుట్లు తిరిగితే 36,000 సార్లు కోస్తుందన్నమాట. ఆ నిమిషంలో బిట్టు 3,600 మిల్లీమీటర్లు ముందుకు నడిస్తే, ఒక్కో కోతకి 0.1 మిల్లీమీటరు చెక్క వస్తుంది. అది పొట్టు. నేను చుట్లు అలాగే వుంచి నడకని 900కి తగ్గించాను. అంటే కోతకి 0.025 మాత్రమే. అంత పల్చగా కొయ్యలేక అంచు ఒకేచోట రాసుకుంటూ వేడెక్కిపోయింది. పెద్దమంట మీద పెనంపెట్టి అట్టు తిప్పకుండా నుంచుంటే ఏమవుతుంది? అదే అయ్యింది.

కాబట్టి భయం వేసి నడక తగ్గించాలనిపిస్తే, దాంతోపాటు చుట్లూ తగ్గించాలి. చుట్లు 12,000 అయితే నడక 2,400. కోత అదే 0.1 వుంటుంది. ఆ 0.1 కూడా ఆరు మిల్లీమీటర్ల బిట్టుకి మా టేకు మీద కుదిరిన లెక్క. సన్న బిట్టుకి ఇంకా తగ్గించుకోవాలి. మిషన్ గట్టిదనాన్ని బట్టి, చెక్కని బట్టి కూడా మారుతుంది. కొత్త చెక్క వచ్చినప్పుడల్లా ముందు చిత్తు ముక్క మీద చూసుకోవడం ఇప్పుడు మా షెడ్డులో ఆచారం.

ముందు కచ్చాపచ్చా, తర్వాత మెత్తగా

నేను చేసిన రెండో తప్పు ఇంకా పెద్దది. రోటిపచ్చడికి మొదట కచ్చాపచ్చాగా దంచి, తర్వాత మెత్తగా నూరుతాం కదా! నేనేమో దంచకుండానే నూరడానికి కూర్చున్నాను. సన్న బిట్టు మొన రెండు మిల్లీమీటర్లు. దాన్ని ఒక్కసారే పన్నెండు మిల్లీమీటర్ల లోతుకి దింపితే అది బతుకుతుందా?

ఇప్పుడు మేము ముందు ఆరు మిల్లీమీటర్ల చదును మొన బిట్టుతో, అంటే ఎండ్ మిల్‌తో, పైపై చెక్క అంతా తీసేస్తాం. దీన్ని రఫింగ్ అంటారు. ఒక్కో పొరకి మూడు మిల్లీమీటర్లు దింపుతాం. అలా నాలుగు పొరలు. అసలు బొమ్మ మీద అర మిల్లీమీటరు దళసరి మిగిల్చి ఆపుతాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు నెమలికి గంటన్నర లోపే అయిపోతుంది. ఆ తర్వాత ఫినిషింగ్‌కి టేపర్ బాల్ నోస్ బిట్టు. ఇది మొన దగ్గర గుండ్రంగా సన్నగా వుండి, పైకి పోయేకొద్దీ లావవుతుంది. మొదలు లావు కాబట్టి సన్నమొన అయినా తొందరగా విరగదు.

ఈ ఫినిషింగ్‌లో గీత పక్కన గీతగా నడుస్తుంది బిట్టు. గీతకీ గీతకీ మధ్య ఎడాన్ని స్టెప్ ఓవర్ అంటారు. డబ్బూ, కాలమూ, అందమూ మూడూ దీని దగ్గరే తేలుతాయి. రెండు మిల్లీమీటర్ల మొనకి పదో వంతు, అంటే 0.2 పెడితే, ఆ అడుగు వెడల్పులో 1,500 గీతలు పడతాయి. నిమిషానికి 3,000 నడకతో సుమారు ఐదు గంటలు. 0.4 పెడితే రెండున్నర గంటల్లో అయిపోతుంది. మరి పెట్టేస్తే ఏం పోయింది అంటారా? ఎడం రెట్టింపయితే, గీతల మధ్య మిగిలే గట్టు ఎత్తు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మిషన్ దగ్గర మిగిలిన రెండున్నర గంటలూ సాండ్ పేపర్ దగ్గర పోతాయి. పైగా పేపరుతో అంత రుద్దితే ఈకల గీతలు కూడా అరిగిపోతాయి.

తలుపు చేయించుకునే అక్కచెల్లెళ్ళకి ఇక్కడో మాట. ఒకే బొమ్మకి ఒకరు తక్కువ, ఒకరు ఎక్కువ ఎందుకు చెప్తున్నారో అర్థంకాకపోతే, స్టెప్ ఓవర్ ఎంత పెడతారని అడగండి. వాళ్ళు చేసిన పాత పని మీద, పాలిష్ వెయ్యకముందే, వేలితో అడ్డంగా నిమిరి చూడండి. దువ్వెన పళ్ళలా తగిలితే ఆ తక్కువ రేటు అందుకే. పాలిష్ పడ్డాక ఆ గీతలు దాగవు సరికదా, ఇంకా బాగా కనిపిస్తాయి.

గుమ్మం మీద పేర్లూ, ‘శ్రీ’లూ చెక్కడానికి వి బిట్టు వాడతాం. దాని కోణం చూసుకోవాలి. పది మిల్లీమీటర్ల వెడల్పు గీతకి 90 డిగ్రీల బిట్టు ఐదు మిల్లీమీటర్ల లోతు దిగితే, 60 డిగ్రీలది దాదాపు తొమ్మిది దిగుతుంది. పల్చటి పలక మీద 60ది పెట్టి పేరు చెక్కితే అవతలికి కన్నం పడిందే అనుకోండి!

బిట్టు మార్చినప్పుడల్లా చెక్క మీద మొన ఎక్కడ తగులుతుందో మిషన్‌కి మళ్ళీ చూపించాలి. జడ్ జీరో అంటారు. ఒక్కో బిట్టు ఒక్కో పొడుగు కాబట్టి ఇది మరిచిపోతే గాలిలో అయినా చెక్కుతుంది, చెక్కలోకి అయినా దిగబడుతుంది. మేము మొన కింద కాగితం ముక్క పెట్టి, అది కొద్దిగా పట్టినట్టయ్యాక జీరో నొక్కుతాం. ఇంకోటి, టేకులో సన్నటి ఇసకలాంటి పదార్థం వుంటుంది. అందుకే దాని మీద బిట్టు తొందరగా మొద్దుబారుతుంది. లెక్కలన్నీ సరిగ్గా వున్నా అంచులు నారలు లేస్తుంటే, మాడుతుంటే, బిట్టు మార్చేయండి. కత్తిపీట మొద్దయితే గోంగూర నలుగుతుందే గాని తెగదు కదా.

ఆడవాళ్ళం షెడ్డులోకి వెళ్ళేటప్పుడు చీరకొంగు దోపుకుని, జడ ముడేసుకుని, గాజులు తీసి వెళ్ళాలి. మిషన్ నడుస్తుండగా చేత్తో పొట్టు తియ్యకూడదు. ముక్కుకి మాస్కు తప్పనిసరి. చెక్క ధూళిని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ కేన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది. అది 1995 నాటి మాట. మా ఇంట్లో మాత్రం నేను పోరుపెట్టేదాకా మాస్కే లేదు!

పిన్నిగారి తలుపు సంగతి చెప్పలేదు కదూ. మావారు ఇంకో చెక్క తెచ్చారు. ఆ పనిలో మాకు పైసా మిగల్లేదు. రాత్రి ఫినిషింగ్ పెట్టి, శబ్దం వింటూ నేను మేలుకునే వున్నాను. బాగా కోస్తున్నప్పుడు ఒకటే ఝుమ్మని వస్తుంది, కీచుమందంటే లేచి చూడాలి. తెల్లారి మామగారు వచ్చి నెమలి మెడ మీద వేలు పెట్టి చూశారు. గుండ్రటి మొన వెళ్ళలేని మూలల్ని సన్న ఉలితో ఆయనే తీశారు. అప్పట్నుంచి ప్రతి తలుపుకీ ఆ మూలలు ఆయనవే.

బిట్టు, చుట్లు, నడక, లోతు, ఎడం, ఏ చెక్కకి ఏది కుదిరిందో నేను ఆవకాయ కొలతలు రాసుకునే నోటుబుక్కులోనే వెనకనుంచి రాస్తున్నాను. పిన్నిగారింటికి పేరంటానికి వెళ్ళినప్పుడల్లా నా చూపు ముందు ఎడమ రెక్క మీదికే పోతుంది. కుడి రెక్క కంటే ఒక ఛాయ తక్కువ. ఆవిడ ఇంతవరకూ అడగలేదు, నేనూ చెప్పలేదు.