సన్నని వాహకములందు ఎలక్ట్రానుల ద్రవగతి

పంటకాలువలో గడ్డిపోచలను విడిచి చూచినవారికి ఒక సంగతి తెలియును. గట్టు నంటిన పోచ మెల్లగ కదలును. నడిమి పోచ వడిగ సాగును. గట్టు తన చెంతనున్న నీటిని నిలుపగా, ఆ నిలుపుదల పొరనుండి పొరకు ప్రాకును. ద్రవముల ఈ గుణమునకే స్నిగ్ధత యని పేరు.

రాగితీగలోని ఎలక్ట్రానులు సామాన్యముగ ఇట్లు నడువవు. స్ఫటికమందలి మాలిన్యములును, వేడిచే కంపించు పరమాణువులును వాని ద్రవ్యవేగమును అడుగడుగున హరించును. అందుచే ప్రవాహము తీగ వెడల్పంతట ఒకే తీరున నుండును.

ఎలక్ట్రానులు తమలో తాము ఢీకొన్నచో సంగతి వేరు. ఒకటి కోల్పోయినదానిని మరొకటి పొందును, మొత్తము తఱుగదు. మాలిన్యములు మిక్కిలి తక్కువయై, ఈ పరస్పరఘాతముల నడిమి దూరము కాలువ వెడల్పుకన్న చిన్నదైనచో ఎలక్ట్రానులు నీటివలె గుంపుగా కదలును. 1963లో సోవియట్ శాస్త్రజ్ఞుడు గుర్జీ దీనిని గణించి యొక వింతను సూచించెను. వేడిమి హెచ్చినకొలది నిరోధము పెరుగుటకు మారుగా తఱుగు దశ యొకటి యుండవలెను! వేడిచే పరస్పరఘాతములు హెచ్చి స్నిగ్ధత తగ్గును. గోడల పట్టు సడలును. ఢీకొనుట హెచ్చినకొలది దారి సుగమమగుట మొదట వినువారికి నమ్మశక్యము కాదు.

దీని నమూనా కష్టమైనది కాదు. ద్రవగతి సమీకరణమున మాలిన్యముల ఒరపిడికై ఒక పదమును చేర్చిన చాలును. స్నిగ్ధతను ద్రవ్యవేగము నిలుచు కాలముచే గుణించి వర్గమూలము తీసినచో ఒక పొడవు లభించును. కాలువ దీనికన్న చాల ఇరుకైనచో వేగరేఖ పరావలయమగును. చాల వెడల్పైనచో నడుమ చదునై, అంచులందు మాత్రమే వంగును. పలుచని రేకులో కాలువ వెడల్పును సగము చేసినచో సామాన్యదశలో నిరోధము 2 రెట్లగును. పరావలయదశలో 8 రెట్లగును. అయితే గోడయొద్ద వేగము సున్న యనుకొనుటపై ఈ లెక్క నిలిచియున్నది. నున్నని గోడకు అది చెల్లదు; నమూనాలో బలహీనస్థానమిదియే.

1994, 1995 సంవత్సరములలో మోలెన్‌క్యాంప్, డి యోంగ్ గేలియము ఆర్సెనైడు సన్నని దారులలో గుర్జీ చెప్పిన తఱుగుదలను చూచిరి. 2016లో మాంచెస్టరు శాస్త్రజ్ఞులు గ్రాఫీనునందు విద్యుత్తు ప్రవేశించు చోటికి చేరువనే ఓల్టేజి తలక్రిందగుటను కొలిచిరి. ప్రక్కన సుడి యేర్పడినదని దాని యర్థము. 2019లో ఇజ్రాయెలునందలి వైజ్మన్ సంస్థవారు సుమారు 5 మైక్రానుల గ్రాఫీను కాలువలో పరావలయమునే చిత్రించిరి. ఎలక్ట్రానులు ఒకదానినొకటి తాకక గోడనుండి గోడకు దూకు దశలోను ప్రవాహరేఖ కొంత వంగును. కనుక వారు ప్రవాహరేఖతో తృప్తినొందక, స్వల్ప అయస్కాంత క్షేత్రమునుంచి, అడ్డముగ పుట్టు హాల్ విద్యుత్‌క్షేత్రపు వంపును పరీక్షించి రెండు దశలను వేరుపఱచిరి.